అమ్మాయి సంగీతం టీచరవుతానంటోంది: వయొలిన్ డిప్లొమానా, గిటార్ గ్రేడులా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతోంది. మాది విశాఖపట్నంలోని గాజువాక. ఆరేళ్లుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది, సర్టిఫికెట్ పరీక్ష కూడా పాసైంది. రెండేళ్లుగా గిటార్ మీద పడింది, ట్రినిటీ (లండన్ కాలేజీ వాళ్ల సంగీత పరీక్ష) గ్రేడ్ 3 అయింది. ఇప్పుడు ఇంజినీరింగ్ వద్దు, మ్యూజిక్ టీచర్నవుతానంటోంది. వయొలిన్ డిప్లొమా మంచిదా, గిటార్ గ్రేడులు మంచివా? గిటార్ అయితే ఆన్‌లైన్‌లో అమెరికా పిల్లలకు చెప్పి డాలర్లు సంపాదించొచ్చని మా బావమరిది అంటున్నాడు. ముందు బీటెక్ పూర్తి చేస్తే, తర్వాత ఇంట్లోనే నలుగురు పిల్లలకు చెప్పుకోవచ్చు కదా అన్నది నా ఉద్దేశం. సలహా ఇవ్వండి.

జవాబు: ఇంటర్ పరీక్షల సీజన్ వచ్చిందంటే ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఒకరింట్లో కీబోర్డు, ఇంకొకరింట్లో వీణ, మీ ఇంట్లో గిటార్. మీరు అడిగింది వయొలినా గిటారా అని. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మాత్రం సంగీతం చెప్పుకుని ఈ పిల్ల బతకగలదా, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పాలి అన్నది. కాబట్టి ముందు దానికే జవాబు. బతకగలదు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మధురవాడ, ఉక్కునగరం, మీ గాజువాక, ఎక్కడ చూసినా పిల్లలకు ఏదో ఒక వాయిద్యం నేర్పించాలనుకునే ఇళ్లున్నాయి. పిల్లల్ని మూడో నెల దాటించి నిలబెట్టగల టీచర్లే తక్కువ.

ఇక మీరన్న ఆ "ఇంట్లోనే నలుగురు పిల్లలకు" మాట. కోపం తెచ్చుకోకండి, కానీ ఆ మాట ఇంక అనొద్దు. అబ్బాయి ఇదే అడిగి ఉంటే "నెలకెంత వస్తుంది?" అని మొదటి ప్రశ్న వేసేవారు. అమ్మాయి కాబట్టి ఆదాయం ఊసే ఎత్తలేదు, ఆమె వృత్తిని కాలక్షేపం కింద జమకట్టేశారు. ఆరేళ్లు గురువుగారి దగ్గరికి తీసుకెళ్లి, ఫీజులు కట్టి, సర్టిఫికెట్ పరీక్ష దాకా తెచ్చింది మీరే. ఇప్పుడు ఆ పిల్ల దాన్ని నమ్ముకుంటానంటే మీకెందుకు అంత ఆశ్చర్యం?

ఆదాయం లెక్క మీరు అడగకపోయినా నేను చెబుతాను. బడిపిల్లలు సాయంత్రం ఐదున్నర తర్వాతే వస్తారు. వారంలో ఐదు రోజులు మూడేసి గంటలు, శని ఆదివారాలు ఐదేసి గంటలు, వెరసి పాతిక గంటలు. ముగ్గురేసి పిల్లల బ్యాచ్‌కు వారానికి రెండు క్లాసులు అనుకుంటే పన్నెండు బ్యాచ్‌లు పడతాయి, అంటే ముప్పైఆరు మంది. కొత్త టీచర్‌కు అన్నీ నిండవు, ఇరవైనాలుగు మంది అనుకుందాం. నెలకు తలా 1,500 రూపాయలైతే 36,000. గది అద్దె, తీగలు, కరెంటు కలిపి పది వేలు తీసేస్తే చేతికి పాతిక, ఇరవైఆరు వేలు. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి పరీక్షల పేరుతో కొంతమంది ఆగిపోతారు, మళ్లీ జూన్‌లో కూడదీసుకోవాలి. ముగ్గురి బదులు ఎనిమిది మందిని కూర్చోబెడితే రాబడి పెరుగుతుందని చాలామంది అక్కడే దెబ్బతింటారు. ఎనిమిది గిటార్లు శ్రుతి చేసేసరికే పావుగంట పోతుంది, చివరి వరసలో పిల్లాడి బొటనవేలు ఎక్కడుందో టీచర్‌కు కనపడదు.

పగటిపూట ఖాళీగా ఉండే గంటల్లో ఏదైనా ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ టీచర్‌గా చేరి, సాయంత్రం సొంత క్లాసులు పెట్టుకుంటేనే ఈ లెక్క నిలకడగా ఉంటుంది. ఆ స్కూలు ఉద్యోగానికి ఏ కాగితం పనికొస్తుందో చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

దానికి ముందు మీ బావమరిదిగారి డాలర్ల సంగతి. ఈ దారి మీద నాకు చాలా అనుమానాలున్నాయి. మొదటిది గడియారం. న్యూయార్క్‌లో సాయంత్రం ఆరైతే మనకు తెల్లవారుజామున మూడున్నర, చలికాలంలో నాలుగున్నర. అక్కడి శనివారం ఉదయం పదింటి క్లాసు, చలికాలం కాకపోతే, మన శనివారం రాత్రి ఏడున్నరకు పడుతుంది, అంటే ఇక్కడి పిల్లలు వచ్చే వేళకే. కాలిఫోర్నియా వైపు సాయంత్రాలు ఒక్కటే మనకు కుదురుతాయి, ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా. రెండోది శబ్దం. వీడియో కాల్‌లో అటు నుంచి ఇటు కొంత ఆలస్యం ఉంటుంది కాబట్టి ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు. టీచర్ వాయిస్తే పిల్ల వినాలి, పిల్ల వాయిస్తే టీచర్ వినాలి, తాళం పట్టి వెంట నడిపించే పని పోతుంది. పైగా ఈ యాప్‌లు మనిషి మాట కోసం తయారైనవి. వయొలిన్ కమాను నిలిపి లాగిన దీర్ఘస్వరాన్ని ఫ్యాన్ చప్పుడనుకుని నొక్కేస్తాయి. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేయాలి, అది రెండు వైపులా చేయాలి, అవతలున్న ఏడేళ్ల పిల్లకు ఆ సంగతి ఎవరు చెబుతారు? తీగ దిగిపోతే శ్రుతి ఎవరు చేస్తారు? అమ్మానాన్నల్లో ఒకరు పక్కన కూర్చుంటేనే చిన్నపిల్లల ఆన్‌లైన్ క్లాసు నడుస్తుంది.

మూడోది మీ బావమరిదిగారు ఆలోచించని విషయం. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు గిటార్ టీచర్ వాళ్ల ఊళ్లోనే దొరుకుతాడు. మన వైపు చూసేది గాత్రం, వయొలిన్, వీణ కోసం. డాలర్లే గురి అయితే అవి గిటార్ కంటే ఆమె ఆరేళ్లుగా నేర్చుకుంటున్న వయొలిన్ వైపే ఉన్నాయి. అయినా పద్దెనిమిదేళ్ల పిల్ల మొదటి శిష్యుల్ని తెర మీద వెతుక్కోకూడదు. పిల్లల వేళ్లు చేత్తో పట్టుకుని సరిచేసిన అనుభవం ముందు రావాలి.

గ్రేడుల విషయానికొస్తే, వాటిని తీసిపారేయను. ట్రినిటీ పరీక్షలో మూడు పీసులు (వాయించాల్సిన రచనలు), టెక్నికల్ వర్క్ (స్వరావళి సాధనలు), వినికిడి లాంటి అదనపు పరీక్షలు ఉంటాయి. వందకు 60 వస్తే పాస్, 87 వస్తే డిస్టింక్షన్. పిల్లకు ఒక క్రమం ఏర్పడుతుంది, స్వరలిపి చదవడం వస్తుంది. చెడేది ఎక్కడంటే, ఏడాదంతా ఆ మూడు పీసులే రుద్దించి, చివర్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టడం. నాలుగో పాట ఇస్తే ఆ పిల్లకు చేతులాడవు. మీ అమ్మాయి గ్రేడ్ 3 దగ్గరుంది. గ్రేడులు ఎనిమిదుంటాయి, ఆ తర్వాతే డిప్లొమాలు. గిటార్ టీచర్‌గా తల్లిదండ్రుల ముందు నిలబడాలంటే గ్రేడ్ 8 స్థాయి చేతిలో ఉండాలి, అంటే ఏడాదికొకటి చొప్పున మరో ఐదేళ్ల పని. ఆ కాగితం ప్రైవేటు స్కూళ్లలో, అకాడమీల్లో పనికొస్తుంది. సంగీతంలో డిగ్రీ అడిగే చోట డిగ్రీకి బదులుగా చెల్లదు.

డిగ్రీ అడిగే చోట్లు ఉన్నాయి. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ మ్యూజిక్ టీచర్ పోస్టు అలాంటిది, ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనం 35,400. ఖాళీలు తక్కువ, దేశంలో ఎక్కడైనా వేస్తారు, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. అయినా ఆ తలుపు మూసుకోవడం ఎందుకు? మన దగ్గర డిగ్రీ, పీజీ దాకా సాఫీగా వెళ్లే దారి వయొలిన్, వీణ, గాత్రాలకుంది. గిటార్‌కు డిగ్రీ కావాలంటే చెన్నై, ముంబై, ఢిల్లీ వైపు ప్రైవేటు కాలేజీలకు లక్షలు పోయాలి. నాలుగేళ్ల సర్టిఫికెట్ ఆమె పూర్తి చేసేసింది కాబట్టి మిగిలింది రెండేళ్ల డిప్లొమా. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఊళ్లోనే ఉంది. అరవై కిలోమీటర్ల దూరంలో విజయనగరం మహారాజా సంగీత కళాశాల ఉంది. 1919లో పెట్టినది, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ నేర్పిన చోటు. ఆ వరసలో వచ్చిన గురువులు ఈ జిల్లాల్లో ఇంకా దొరుకుతారు. వయొలిన్‌కు ఇంత దగ్గరలో ఇంత ఆసరా ఉంటే దాన్ని వదులుకోమని నేను చెప్పను.

ఒక అపోహ కూడా తీసేస్తాను. వయొలిన్ వచ్చుగా, ట్రినిటీ వయొలిన్ కూడా చెప్పేస్తుందిలే అనుకోకండి. మనది కింద కూర్చుని, వాయిద్యం తలను కుడికాలి చీలమండ మీద ఆనించి, స ప స ప శ్రుతిలో వాయించే పద్ధతి. వాళ్లది నిలబడి, గడ్డం కింద పట్టి, జి డి ఎ ఇ శ్రుతిలో వాయించేది. ఎడమచెయ్యికి ఆధారం మారగానే వేలు కదిలే తీరే మారిపోతుంది. గమకానికి అలవాటుపడిన చెయ్యి వాళ్ల నిలకడ స్వరం పట్టుకోవడానికి విడిగా సాధన చేయాలి.

గిటార్‌కు మాత్రం ఆమె వయొలిన్ ఊరికే పోదు. గ్రేడు పుస్తకాలు ఎక్కువగా నాలుగు దెబ్బల లెక్కతో మొదలవుతాయి. మన పిల్లలు అడిగేది సినిమా పాటలు, వాటిలో తిశ్ర నడకవి (మూడేసి దెబ్బల లెక్కవి) బోలెడు. పుస్తకంలో ఉన్న స్ట్రమ్మింగ్ (తీగలు మీటే తీరు) ఆ పాటకు అతకదు, పిల్ల తనకు రావట్లేదనుకుంటుంది. స్వరజ్ఞానం ఉన్న టీచర్ పాట వినగానే స్వరాలు పట్టుకుని, రెండు తీగల మీద పలికేలా రాసిచ్చి, ఆరు దెబ్బల నడక చేతికి ఎక్కించగలదు. మీ అమ్మాయికి ఉన్న అసలు బలం ఇదే. గిటార్ ఒక్కటే నేర్చుకున్న టీచర్లందరికీ ఇది ఉండదు.

పిల్లలు మానేసేది మూడో నెలలో, ఎఫ్ కార్డ్ దగ్గర. చూపుడువేలు అడ్డంగా ఆరు తీగలూ నొక్కాలి, శబ్దం గరగరమంటుంది, వేలు నొప్పి. టీచర్ "ప్రాక్టీస్ చెయ్యి" అంటాడు. తప్పు చాలాసార్లు వేలిది కాదు, గిటార్‌ది. గిటార్ మెడ మీది మూడో ఫ్రెట్ (అడ్డంగా ఉండే లోహపు బద్ద) దగ్గర తీగ నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్‌కూ తీగకూ మధ్య సందు చూడాలి. వెంట్రుకవాసి ఉంటే సరే. అంతకంటే ఎక్కువుంటే నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడి ఎత్తుగా ఉన్నట్టు, పెద్దవాళ్లకు కూడా ఎఫ్ పలకదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ రెండు ఉంటే చాలు. ఇంకో గొడవ, ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని ఏడేళ్ల పిల్లకు పెద్దసైజు స్టీలు తీగల గిటార్ కొనిపెట్టడం. ఆ వయసుకు 34 అంగుళాల హాఫ్ సైజు, తొమ్మిది పదేళ్లకు 36 అంగుళాలది, నైలాన్ తీగలతో ఇవ్వాలి. ఈ రెండూ కనిపెట్టగల టీచర్ దగ్గర ఎక్కువ మంది నిలబడతారు.

మన ఊరి గాలి సంగతి కూడా ఆమెకు తెలిసి ఉండాలి. సముద్రానికి దగ్గరి ఇళ్లలో స్టీలు తీగలు వారాల్లోనే నల్లబడి తుప్పెక్కుతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడిచినా రెండు మూడు నెలలకోసారి మార్చాల్సిందే. వానాకాలం చెమ్మకు గిటార్ పైచెక్క ఉబ్బి తీగల ఎత్తు పెరుగుతుంది, వయొలిన్ బిరడాలు బిగుసుకుంటాయి, కమాను వెంట్రుకలు సాగుతాయి. ఎండలో కారు డిక్కీలో గిటార్ వదిలేస్తే బ్రిడ్జి (తీగలు కట్టే చెక్క) జిగురు వదిలి పైకి లేస్తుంది. కేసులో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసుకుంటే సగం బాధ తప్పుతుంది. శిష్యుల ఇళ్లనుంచి వచ్చే ఫోన్లలో సగం వీటి గురించే ఉంటాయి.

బీటెక్ గురించి: ఇష్టంలేని చోట నాలుగేళ్లు, లక్షల ఫీజు, చేతికి సాధన లేని నాలుగేళ్లు. పద్దెనిమిది నుంచి ఇరవైరెండు దాకా రోజుకు మూడు గంటలు సాధన చేసిన చెయ్యి వేరు, నాలుగేళ్లు ఆగి మళ్లీ పట్టుకున్న చెయ్యి వేరు. మీకు ధైర్యం కోసం ఆమె అంత మూల్యం చెల్లించాలా? ఊళ్లోనే బీఏ గానీ బీకాం గానీ రెగ్యులర్‌గా చేరనివ్వండి. గురువుగారి దగ్గరే నేర్చుకుంటూ ప్రైవేటుగా వయొలిన్ డిప్లొమా పరీక్ష రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. సంగీతంలో డిగ్రీ కూడా కావాలనుకుంటే, 2022 నుంచి యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలకు అనుమతిస్తోంది, ఒకటి కాలేజీలో, రెండోది దూరవిద్యలో చేసుకోవచ్చు. గిటార్ గ్రేడులు ఏడాదికొకటి దాని పక్కన నడుస్తాయి. మూడేళ్లకు ఆమె చేతిలో డిగ్రీ, డిప్లొమా, గ్రేడ్ 6 ఉంటాయి. అప్పుడు మనసు మారితే ఎంబీఏకో బ్యాంకు పరీక్షకో దారి తెరిచే ఉంటుంది.

ఇంత చెప్పినా ఒకటి నేను తేల్చలేను, ఆమెకు చెప్పడం ఇష్టమా, వాయించడం ఇష్టమా అన్నది. ఈ వేసవి సెలవుల్లో అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు పిల్లల్ని తీసుకోమనండి, ఒకరు ఎనిమిదేళ్లవాళ్లు, ఒకరు పదమూడేళ్లవాళ్లు. ఒకే తప్పును పదిసార్లు విన్నాక పదకొండోసారి కూడా విసుగులేకుండా వేలు సరిచేస్తోందా, ఆరో వారానికి ఆ పిల్లలు ఒక్క పాటైనా మొదట్నుంచి చివరిదాకా వాయిస్తున్నారా, మీరూ గమనించండి. విసుగొస్తే ఆమె టీచర్ కాదు, వాద్యకారిణి కావచ్చు, ఆ దారి లెక్కలు వేరు, అప్పుడు మళ్లీ రాయండి. ఆ ఇద్దరి దగ్గరా ఫీజు తీసుకోమనండి, బంధువుల పిల్లలైనా సరే, నెలకు ఐదొందలైనా సరే. ఊరికే చెబితే మానేసినవాళ్లు కారణం చెప్పరు, ఎందుకు మానేశారో తెలియకపోతే ఆమెకు ఈ సెలవులు దేనికీ పనికిరావు.