పొగగొట్టం మీదికి ముఖం పెట్టకండి

(బుల్లి ఆవిరి ఇంజన్ల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

పోయిన సంచికలో మా డాబా మీద తిరిగే బుల్లి ఆవిరి ఇంజను ఫొటో వేశారు. ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేననుకోలేదు. వాటిలో ఆరు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను. నన్ను ఇంజనీరు గారూ అని పిలిచినవాళ్ళకు ఒక మాట: నేను 1979లో కాజీపేట లోకో షెడ్డులో క్లీనరుగా చేరినవాణ్ణి. తర్వాత ఫైర్‌మన్‌గా బొగ్గు వేశాను, ఆపైన డీజిల్ మీదికి మారి రిటైరయ్యాను. ఈ చిన్న బండ్ల పిచ్చి ఇంగ్లండులో మా అబ్బాయి దగ్గర ఆర్నెల్లు ఉన్నప్పుడు పట్టుకుంది. అక్కడ పెరట్లో ఇలాంటి బండ్లు నడిపే పెద్దమనుషులు చాలామందే ఉన్నారు.

ప్రశ్న: మా బాబుకి కొన్న ఆటబండి కూడా పొగ వదులుతుంది. మీదానికీ దానికీ తేడా ఏమిటి? లక్ష రూపాయలంటున్నారు, నిజమా? (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

మీ బాబు బండిలో ఒక చిన్న హీటరు నూనెలాంటి ద్రవాన్ని వేడి చేసి పొగ పుట్టిస్తుంది. చక్రాలు తిప్పేది మాత్రం మోటారే. పొగ ఆగినా బండి ఆగదు. మా బండిలో రాగి బాయిలరు ఉంది, దాని కింద గ్యాసు మంట ఉంది, ఆవిరి వెళ్ళి పిస్టన్ని తోస్తే తప్ప చక్రం కదలదు. పనిచేసే పీడనం చదరపు అంగుళానికి 40 పౌండ్లు. నేను బొగ్గు వేసిన డబ్ల్యూజీ అనే పెద్ద గూడ్సు ఇంజనులో 210 ఉండేది. 40 అంటే చిన్నదేగా అని తీసిపారేయకండి, ఆ పీడనం దగ్గర బాయిలర్లో నీళ్ళు 140 డిగ్రీల వేడి మీద ఉంటాయి.

రెండింటికీ మధ్య రకం కూడా ఒకటి వచ్చింది. 2003లో హార్న్‌బీ అనే ఆటబండ్ల కంపెనీ వాళ్ళు మాలర్డ్ అనే ఇంగ్లండు ఇంజనును మూరెడు పొడవు కూడా లేకుండా చేసి, పట్టాల్లోంచి వచ్చే కరెంటుతో నీళ్ళు కాచి, ఆ ఆవిరితోనే నడిపించారు. తెలివైన పని. నాకు మాత్రం మంట కనపడందే తృప్తి ఉండదు.

ఖరీదు నిజమే. మంచి కంపెనీది కొత్తది తెప్పిస్తే, పార్సిల్ ఖర్చు, కస్టమ్స్ డ్యూటీ కలిపి ఇల్లు చేరేసరికి లక్ష దాటుతుంది. బాబు వయసు మీరు రాయలేదు. పదేళ్ళ లోపైతే మోటారు బండే ఉండనివ్వండి.

ప్రశ్న: మా బావ విదేశం నుంచి గ్యాసుతో నడిచే ఇంజను తెచ్చాడు. పుస్తకంలో ఉన్నట్టే చేస్తున్నా గ్యాసు సరిగా ఎక్కడం లేదు. ఒక్కోసారి ఎక్కితే మంట భగ్గుమంటోంది. (నెల్లూరు నుంచి ఒక పాఠకుడు)

ఆ పుస్తకం రాసినవాళ్ళు మన మే నెల చూసి ఉండరు.

బ్యూటేన్ అనేది సున్నా డిగ్రీల దగ్గరే మరిగిపోయే పదార్థం. డబ్బాలో ద్రవంగా ఉందంటే దాని ఆవిరే దాన్ని నొక్కిపట్టి ఉంచుతోందన్నమాట. డబ్బాను తలకిందులు చేసి ఇంజను ట్యాంకు వాల్వు మీద నొక్కినప్పుడు ద్రవం అటు పోవాలంటే ట్యాంకులో పీడనం తక్కువ ఉండాలి. అంటే డబ్బా కన్నా ట్యాంకు చల్లగా ఉండాలి. ఒక రౌండు నడిపాక బాయిలరు పక్కన కూచున్న ట్యాంకు కాలుతూ ఉంటుంది. అప్పుడు ఎంత నొక్కినా గ్యాసు బయటికి చిమ్ముతుందే గాని లోపలికి పోదు. నేనేం చేస్తానంటే, పాత తువ్వాలు ముక్క తడిపి ట్యాంకుకి చుట్టి పావుగంట వదిలేస్తాను. ఈలోపు టీ తాగుతాను. తర్వాత నింపితే గుటుక్కున ఎక్కుతుంది. ఇంగ్లండులో చలికాలంలో సరిగ్గా దీనికి వ్యతిరేకం. అక్కడ ట్యాంకు చల్లబడి మంట నీరసిస్తుంటే, వేడినీళ్ళ తొట్టిలో పెట్టి గ్యాసుకి ఊపు తెస్తారు. వాళ్ళ పుస్తకం ఆ చలికి రాసింది. మీరు ఆ పేజీ వదిలేయండి.

ఎండలో గ్యాసు పీడనం ఎక్కువ కాబట్టి మంట కూడా రంకె వేస్తుంది. గ్యాసు చప్పుడు చెవికి వినపడీ వినపడనంత వాల్వు తిప్పి, అగ్గిపుల్ల పొగగొట్టం దగ్గర పెట్టండి. మంట 'టప్' అని లోపలికి దూకి బర్నర్లో కూచుంటుంది. వంగి చూడొద్దు. చల్లటి సిలిండర్లలో (పిస్టన్లు ఆడే గొట్టాల్లో) ఆవిరి నీరై నిలిచి ఉంటుంది. పెద్ద ఇంజనుకైతే ఆ నీళ్ళు వదలడానికి డ్రెయిన్ కాక్‌లు అనే చిన్న కుళాయిలు ఉంటాయి. వీటిలో చాలావాటికి ఉండవు. మొదటి నాలుగు చుట్లు చేత్తో ముందుకీ వెనక్కీ తోస్తుంటే ఆ నీళ్ళు, నూనె కలిసి పొగగొట్టంలోంచి సలసలా చిమ్ముతాయి. నా కళ్ళజోడుకి ఇప్పటికీ ఆ మచ్చ ఉంది.

బ్యూటేన్ గాలి కన్నా బరువు. నేల మీద పరుచుకుంటుంది, పిట్టగోడ ఉన్న డాబా మీద మూలన పేరుకుంటుంది కూడా. నింపేటప్పుడు చుట్టుపక్కల దీపం గాని, అగరొత్తి గాని ఉండకూడదు.

ఇక అసలు సంగతి. ఈ బండ్లను నీళ్ళకన్నా ముందు గ్యాసు అయిపోయేలా లెక్కగట్టి చేస్తారు. ఒక సంక్రాంతికి చుట్టాల పిల్లలు 'ఇంకోసారి తాతా' అంటే, నీళ్ళు పోయకుండా గ్యాసు ఒక్కటే నింపి వెలిగించాను. బాయిలరు ఎండిపోయింది. మీద రంగు అప్పడంలా పొంగింది, ఒక రబ్బరు రింగు మాడింది. ముప్పై ఏళ్ళకు పైగా రైల్వేలో చేసినవాణ్ణి! పెద్ద ఇంజను ఫైర్‌బాక్సు (బొగ్గు మండే అర) పైకప్పులో సీసం ప్లగ్గు ఉంటుంది. నీళ్ళు తగ్గితే అది కరిగి ఆవిరి కిందికి దూకి మంటను ఆర్పుతుంది. ప్లగ్గు పడిందంటే ఆ డ్రైవరు, ఫైర్‌మన్ ఇద్దరి పనీ అయినట్టే. ఈ చిన్నబండికి ప్లగ్గు లేదు, సంజాయిషీ అడిగే అధికారీ లేడు. కాబట్టి ముందు నీళ్ళు, తర్వాత సిలిండరు నూనె, చివర గ్యాసు. ఈ వరస తప్పొద్దు.

ప్రశ్న: స్టీమ్ ఆయిల్ దొరకడం లేదు. బండి ఇంజన్ ఆయిల్ గాని, కుట్టుమిషన్ నూనె గాని వాడొచ్చా? (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు)

వద్దు. కుట్టుమిషన్ నూనె ఇరుసులకీ, కడ్డీల కీళ్ళకీ భేషుగ్గా పనికొస్తుంది. సిలిండర్లోకి మాత్రం తేనెలా చిక్కటి నూనె కావాలి. పల్చటిదాన్ని వేడి ఆవిరి కడిగేసి తీసుకుపోతుంది. 'స్టీమ్ సిలిండర్ ఆయిల్' అని అడగండి, మిల్లులకీ, చెరకు ఫ్యాక్టరీలకీ ఆయిళ్ళు అమ్మే షాపుల్లో 460 గ్రేడు దొరుకుతుంది. డబ్బా పెద్దదిస్తారు, జన్మకంతా సరిపోతుంది.

ఆ నూనె లోపలికి ఎలా వెళ్తుందో ఒకసారి చూశారంటే మళ్ళీ ఈ ప్రశ్న అడగరు. క్యాబులో, అంటే డ్రైవరు నిలబడే చోట, బొటనవేలి కణుపంత ఇత్తడి బుడ్డి ఉంటుంది. ఆవిరి గొట్టం దాని గుండా పోతుంది, గొట్టానికి సన్నని చిల్లు. ఆ చిల్లులోంచి కొంచెం ఆవిరి బుడ్డిలోకి దూరి, చల్లబడి నీటిబొట్టవుతుంది. నీళ్ళు బరువు కనక అడుక్కి పోతాయి. అడుక్కి పోయినంత మేరా పైన ఉన్న నూనె లేచి, అదే చిల్లులోంచి ఆవిరిలో కలిసి సిలిండరుకి వెళ్తుంది. పంపు లేదు, స్ప్రింగు లేదు. నేను షెడ్డులో అన్నేళ్ళు నూనె డబ్బా పట్టుకుని తిరిగినవాణ్ణి, దీన్ని మొదటిసారి విప్పి చూసినప్పుడు నవ్వొచ్చింది, ఇంతేనా అని.

ప్రతి రౌండు తర్వాత చల్లారాక బుడ్డి మూత తీసి, సిరంజితో అడుగున ఉన్నదంతా లాగేయండి. పాలు ఎక్కువైన కాఫీ రంగులో వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టు. పోసిన నూనె పోసినట్టే ఉంటే చిల్లు మూసుకుపోయింది. నడిపేటప్పుడు చొక్కా మీద నూనె తుంపర్లు పడితే సంతోషించండి. ఇంట్లో ఏమంటారో అది మీరే చూసుకోవాలి.

నీళ్ళ సంగతి కూడా కలిపి అడిగారు. బోరు నీళ్ళు పోశారంటే లోపల సున్నం కట్టేస్తుంది. నేను వాననీళ్ళు పట్టి గుడ్డలో వడగట్టి పోస్తాను.

ప్రశ్న: మా మామగారు రిటైర్డ్ డ్రైవరు, 82 ఏళ్ళు. ఆయనకు ఇలాంటిది బహుమతిగా ఇస్తే బాగుంటుందా? విజిలు కూడా వేస్తుందా? (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

ఇవ్వండమ్మా. అయితే విజిలు మీద ఆశ పెట్టుకోకండి. విజిలు గొట్టం ఎంత పొట్టిదైతే కూత అంత కీచుగా వస్తుంది. బండిని పంతొమ్మిదో వంతుకి తగ్గిస్తే కూత కాస్తా జాతర పీక అవుతుంది. కొందరు పొడుగు గొట్టాన్ని ఇంజను కింద దాచి గొంతు కాస్త దించుతారు. అయినా మీ మామగారి చెవికి అది ఆనదు, నాకూ ఆనలేదు.

ఆయన చేతులు వణుకుతుంటే రిమోటు ఉన్న రకం తీసుకోండి. రెగ్యులేటరు (సిలిండర్లకి ఆవిరి వదిలే వాల్వు), ముందుకు వెనక్కు మార్చే లివరు రెండూ రిమోటు మీద కదులుతాయి. వెలిగించడం మీవారు చెయ్యాలి, నడపడం ఆయన చెయ్యాలి. పక్కన నిలబడి సలహాలు చెప్పొద్దు, డ్రైవర్లకు అది అస్సలు పడదు.

ప్రశ్న: డబ్ల్యూపీ (పాసింజరు రైళ్ళు లాగిన పెద్ద ఆవిరి ఇంజను) గాని, మన వైపు తిరిగిన ఇంజను గాని ఈ సైజులో దొరకదా? (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

నాకూ ఆ కోరికే. సులువుగా అందేది డార్జిలింగ్ కొండ రైలు ఇంజను, బి క్లాసు. 1889లో షార్ప్ స్టువర్ట్ కంపెనీ మొదలుపెట్టిన నమూనా అది. దాన్ని ఇంగ్లండులో డాన్‌కాస్టర్లో ఉన్న రౌండ్‌హౌస్ వాళ్ళు చిన్నదిగా చేశారు. డార్జిలింగే ఎందుకంటే, ఈ అభిరుచిలో ఎక్కువమంది అసలు బండిలో అడుగుకి 16 మిల్లీమీటర్ల లెక్కన బండ్లు చేస్తారు. రెండడుగుల వెడల్పున్న డార్జిలింగ్ లైను 32 మిల్లీమీటర్ల పట్టా మీద చక్కగా కూచుంటుంది. మన అయిదున్నర అడుగుల బ్రాడ్‌గేజికి అదే లెక్క వేస్తే పట్టాయే 88 మిల్లీమీటర్లవుతుంది, ఇక డబ్ల్యూపీని ఇద్దరు మొయ్యాలి.

ప్రశ్న: మా డాబా మీద గుండ్రంగా పట్టాలు వేశాను. ఇంజను ఒకవైపు పరిగెత్తి పడిపోతుంది, ఇంకోవైపు మొరాయిస్తుంది. ఇంజనులో లోపమా? (కర్నూలు నుంచి ఒక పాఠకుడు)

ఇంజను మంచిదే. వాననీళ్ళు పోవడానికి మేస్త్రీ డాబాకి వాలు పెడతాడు గదా, మీ పట్టా సగం దిగుడు, సగం ఎక్కుడు. చేత్తో నడిపే ఆవిరి ఇంజనుకి ఎక్కుడు వస్తోందని తెలీదు. మీరు రెగ్యులేటరు ఎంత తెరిచారో అంతే. ఎక్కుడుకి సరిపడా తెరిస్తే దిగుడులో ఎగిరిపోతుంది. నేను ప్లైవుడ్ పలకల కింద ఇటుక ముక్కలు, అట్టముక్కలు పెట్టి, రసమట్టం బుడగ మధ్యకి వచ్చేదాకా రెండు ఆదివారాలు కూచున్నాను. వంపు వ్యాసార్ధం మూడడుగులకు తగ్గనివ్వకండి, నాలుగైతే ఇంకా మంచిది.

అలా చేశాక కూడా పడుతుంటే, రెండు పట్టాల లోపలి అంచుల మధ్య స్కేలు పెట్టి నాలుగైదు చోట్ల కొలిచి రాయండి. 32 కాకుండా 33, 34 వస్తోందంటే ఎండకి స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెలు) సాగాయి. మీవి ప్లాస్టిక్ స్లీపర్లేనా అన్నది కూడా రాయండి.