బాలీబోఫేలో ఇల్లు దొరికితే ముందు తెలుసుకోవాల్సినవి

"ఐర్లాండ్‌లో డోనిగాల్ జిల్లా లెటర్‌కెన్నీలో ఉద్యోగం వచ్చిందండీ. అక్కడ అద్దె ఇల్లు దొరకడం లేదు. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో బాలీబోఫే అనే ఊళ్లో ఒకటి దొరికింది. తీసుకోమంటారా?"

టీసీఎస్‌లో చేరడానికి వచ్చేవాళ్లూ, అట్లాంటిక్ టెక్నలాజికల్ యూనివర్సిటీలో చదవడానికి వచ్చే పిల్లలూ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. తీసుకోండి. నేనుండేది ఇక్కడే. కాకపోతే సంతకం పెట్టేముందు ఈ చుట్టుపక్కల గురించి కాస్త తెలుసుకోండి.

ఫిన్ నదికి ఒక ఒడ్డున బాలీబోఫే, అవతలి ఒడ్డున స్ట్రనార్లర్, మధ్యలో వంతెన. మనం జంటనగరాలు అన్నట్టే ఇక్కడివాళ్లు ట్విన్ టౌన్స్ అంటారు. రెండూ కలిపినా మన చిన్న మండల కేంద్రమంతే. దారి అడిగితే వీధి పేరు చెప్పేవాళ్లు తక్కువ. "ఫిన్ పార్క్ దాటాక", "మెకూల్ పార్క్ పక్కన" అంటారు. ఈ రెండూ వేర్వేరు మైదానాలని తెలియక కొత్తవాళ్లు తిప్పలు పడతారు. పైగా రెండోదాని బోర్డు మీది ఐరిష్ స్పెల్లింగ్ చూసి చదివితే ఆ పలుకు రానేరాదు.

ఫిన్ పార్క్ సాకర్ మైదానం, ఫిన్ హార్ప్స్ క్లబ్బుది. 1954లో పుట్టిన ఈ క్లబ్బు 1969లో దేశంలోని పెద్ద సాకర్ లీగ్ అయిన లీగ్ ఆఫ్ ఐర్లాండ్‌లోకి వచ్చింది, 1974లో జాతీయ సాకర్ కప్పు, అంటే ఎఫ్ఏఐ కప్పు, గెలిచింది. మెకూల్ పార్క్‌లో ఆడేది గేలిక్ ఫుట్‌బాల్. జట్టుకు పదిహేను మంది, బంతిని చేత్తో పట్టుకోవచ్చు, గోలుకు 3 పాయింట్లు. ఈ జిల్లాలో ఎవరైనా ఊరికే "ఫుట్‌బాల్" అన్నారంటే చాలాసార్లు అర్థం ఇదే. ఆడేవాళ్లకు జీతాలుండవు. ఆదివారం మైదానంలో చూసిన మనిషే సోమవారం మీ పిల్లలకు పాఠం చెబుతూ కనిపించవచ్చు. డోనిగాల్ జిల్లా జట్టు 1992లో, 2012లో ఆల్ ఐర్లాండ్, అంటే ఈ ఆటలో జాతీయ ఛాంపియన్‌షిప్, గెలిచింది. ఆ రెండు సంవత్సరాలు గుర్తుపెట్టుకుంటే ఆఫీసులో మాట కలపడానికి బాగా పనికొస్తాయి.

ఇంకో చిన్న మెలిక. ఇక్కడ "చాపెల్" అంటే క్యాథలిక్కుల గుడి, "చర్చి" అంటే ప్రొటెస్టెంట్లది. దారిలో ఈ మాట వస్తే జాగ్రత్తగా వినండి. ఊరు దాటాక ఇళ్లకు నంబర్లుండవు, టౌన్‌ల్యాండ్ (ఊరి కింద చిన్న ప్రాంతం) పేరు మాత్రమే ఉంటుంది. అందుకే ఇల్లు చూపించేవాళ్లను ముందు ఎయిర్‌కోడ్ అడగండి, మన పిన్‌కోడ్ లాంటిదే, అక్షరాలూ అంకెలూ కలిపి ఏడు. 2015లో వచ్చిన ఈ పద్ధతిలో ప్రతి ఇంటికీ సొంత కోడ్ ఉంటుంది.

స్ట్రనార్లర్ చర్చి ఆవరణలో ఐజాక్ బట్ సమాధి ఉంది. 1870లో ఐర్లాండ్‌లో హోం రూల్ ఉద్యమానికి నాంది పలికింది ఆయనే. అనిబిసెంట్ పేరుతో మనం స్కూల్లో చదువుకున్న హోం రూల్ అన్న మాట మన దేశానికి రాకముందు ఇక్కడ నలిగింది. ఆ సమాధి ముందు నిలబడ్డప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. నది పక్కన డ్రంబో అడవి సాయంత్రం నడకకు చాలా బాగుంటుంది. 1923 మార్చి 14న అంతర్యుద్ధంలో నలుగురు ఖైదీలను అక్కడ కాల్చి చంపారు. వాళ్ల స్మారకం గురించి ఎవరైనా చెబితే వినండి, అభిప్రాయం మాత్రం చెప్పకండి. వందేళ్లు దాటినా అది పచ్చిగాయమే.

పడమరగా వెళితే క్లోహన్, ఆ తర్వాత సరస్సు ఒడ్డున ఫిన్‌టౌన్. అది ఐరిష్ మాట్లాడే ప్రాంతం, బోర్డుల మీద ఊళ్ల పేర్లు ఐరిష్‌లోనే ఉంటాయి. దక్షిణాన రెండు కొండల మధ్య బార్న్స్‌మోర్ కనుమ. రాఫో దగ్గర గుట్ట మీద బెల్టనీ రాతి వలయం, అరవై పైచిలుకు నిలువురాళ్లు. వానలేని ఆదివారం దొరికితే ముందు అక్కడికే వెళ్లండి.

తూర్పుకు వెళ్లేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. కిల్లీగోర్డన్, కాసిల్‌ఫిన్, లిఫర్డ్ వరకు పర్వాలేదు. లిఫర్డ్ వంతెన దాటితే స్ట్రబేన్. అది ఉత్తర ఐర్లాండ్, అంటే యూకే. గేటుండదు, ఆపేవాళ్లూ ఉండరు. కిలోమీటర్ల బోర్డులు మైళ్లలోకి మారతాయి, అంతే. అయినా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు యూకే వీసా కావాలి. ఐర్లాండ్ ఇచ్చే నివాస అనుమతి, అంటే ఐఆర్‌పీ కార్డు, అక్కడ చెల్లదు. తోటి ఉద్యోగులు షాపింగ్‌కి రమ్మని ప్రేమగానే పిలుస్తారు, వాళ్లకు ఈ సంగతి తట్టదు. మనమే చెప్పుకోవాలి.

నేను వచ్చిన మొదటి నెలలో లెటర్‌కెన్నీ నుంచి డబ్లిన్ బస్సెక్కాను. అది స్ట్రబేన్, ఓమా మీదుగా పోతుందని ఫోన్‌లో యూకే నెట్‌వర్క్ అని మెసేజ్ వచ్చేదాకా తెలియదు. మళ్లీ సరిహద్దు దాటేదాకా గుండె అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. డోనిగాల్ టౌన్ నుంచి వెళ్లే డబ్లిన్ బస్సు కూడా యూకేలోని ఎనిస్కిల్లెన్ మీదుగానే పోతుంది. వీసా లేనివాళ్లకు మంచి దారి ఒకటుంది. బాలీబోఫేలో 64వ నంబర్ బస్సెక్కి స్లైగోలో దిగండి, అక్కడి నుంచి డబ్లిన్‌కు రైలు. ఎక్కువసేపు పడుతుంది గానీ ఎక్కడా సరిహద్దు దాటదు. అదే 64 ఉత్తరం వైపు లెటర్‌కెన్నీ తర్వాత డెర్రీకి పోతుంది, డెర్రీ కూడా యూకేనే. ఆఫీసుకు వెళ్తూ నిద్రపోకండి. కారు నడిపేటప్పుడు కూడా మ్యాప్ చూపించే దగ్గరి దారిని గుడ్డిగా నమ్మొద్దు.

వచ్చిన మొదటి వారాల్లోనే, శుక్రవారం రాత్రి మ్యాచ్ ఉంటే ఫిన్ పార్క్‌కి వెళ్లండి. లీగ్ ఫిబ్రవరి నుంచి శరదృతువు దాకా సాగుతుంది. చాలామంది నిలబడే చూస్తారు, కాబట్టి గొడుగు కాదు, టోపీ ఉన్న వానకోటు వేసుకోండి. పక్కన నిలబడ్డ పెద్దాయన ఎక్కడుంటున్నారని తప్పకుండా అడుగుతాడు. ఇంటి నంబర్ చెప్పకండి. వంతెనకు ఏ వైపో, ఏ టౌన్‌ల్యాండో చెప్పండి. మీ ఇంట్లో మీకంటే ముందు ఎవరున్నారో ఆయనకే తెలిసి ఉంటుంది.