పాఠకుల ప్రశ్నలు: ఏఐ ఇచ్చిన టైంటేబుల్ మూడో రోజుకే మూలపడుతోందా?

ప్రశ్న: మాది కర్నూలు. బెంగళూరు మారతహళ్లిలో పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్లో ఉంటూ ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాను. ఫిబ్రవరిలో గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) కంప్యూటర్ సైన్స్ రాయాలి, ఇంకా 20 వారాలుంది. ఏఐని టైంటేబుల్ అడిగితే తెల్లవారుజామున 4 నుంచి గంటగంటా నింపి ఇచ్చింది. మూడు రోజులకే వదిలేశాను. ఎలా అడగాలండీ?

జవాబు: ఆ టైంటేబుల్‌లో మీ ఆఫీసు దారిలోని సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ లేదు, పీజీలో భోజనం టైమూ లేదు. మీరు చెప్పందే దానికెలా తెలుస్తుంది? ‘గేట్‌కి ప్లాన్ ఇవ్వు’ అంటే, రోజంతా ఖాళీగా ఉన్న ఎవరో విద్యార్థికి సరిపడేది రాసిస్తుంది.

ముందు ఒక వారం, రోజూ నిజంగా ఎంత టైము మిగులుతోందో కాగితం మీద రాయండి. ఉదయం 6 నుంచి 7:15, రాత్రి 9 నుంచి 10 దొరికాయనుకుందాం. అయిదు రోజులకు 11 గంటల 15 నిమిషాలు. శనివారం 5, ఆదివారం 4 కలిపితే 20 గంటల పైచిలుకు. బస్సులో గడిపే టైము ఇందులో కలపకండి, సీటు దొరికిన రోజు సూత్రాలు తిరగేసుకుంటే అది అదనం. ఏఐకి మాత్రం 16 గంటలే నింపమనండి. మిగతా నాలుగూ తప్పిపోయిన పాఠాలకి. అవి లేకపోతే మంగళవారం బాకీ బుధవారం మీద, అది గురువారం మీద పడి, వారాంతానికి టైంటేబుల్ తెరవాలంటేనే భయమేస్తుంది.

ఇక ఇలా అడగండి:

“ఉద్యోగం చేస్తూ గేట్ కంప్యూటర్ సైన్స్‌కి చదువుతున్నాను. సోమ నుంచి శుక్ర దాకా ఉదయం 6–7:15, రాత్రి 9–10. శనివారం 8–1, ఆదివారం 8–12 ఖాళీ. వారానికి 16 గంటలే నింపు. సిలబస్ కింద నంబర్లు వేసి ఇచ్చాను, అందులో లేనిది చేర్చకు. ఒక్కో అంశం పక్కన నాకెంత వచ్చో 0 నుంచి 3 దాకా రాశాను. కొత్త పాఠం ఉదయం, లెక్కల సాధన రాత్రి. చదివిన ప్రతి అంశమూ 1, 7, 21 రోజుల తర్వాత 15 నిమిషాల రివిజన్‌కి రావాలి. ముందు నన్ను అయిదు ప్రశ్నలు అడుగు. తర్వాత రెండు వారాలకే పట్టిక ఇవ్వు.”

సిలబస్‌ని అధికారిక వెబ్‌సైట్ నుంచి కాపీ చేసి అతికించండి. వదిలేస్తే ఏఐ తన జ్ఞాపకం నుంచి రాస్తుంది, పాతవీ కొత్తవీ కలిపేస్తుంది. మార్కుల లెక్క కూడా ఇవ్వండి: ఆప్టిట్యూడ్ 15, ఇంజనీరింగ్ మ్యాథ్స్ 13, మిగతా సబ్జెక్టులు 72. చెప్పకపోతే అన్నిటికీ సమానంగా రోజులు పంచేస్తుంది.

అసలు చిక్కు రివిజన్ దగ్గరే వస్తుంది. చదివింది మొదటి రోజుల్లోనే ఎక్కువగా మరిచిపోతామని జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపించాడు, అందుకే ఈ మూడు విడతలు. వారానికి 6 కొత్త అంశాలైతే, నాలుగో వారం నుంచి వారానికి 18 రివిజన్లు, అంటే 4 గంటల 30 నిమిషాలు. కొత్త పాఠాలకి మిగిలేది 11 గంటల 30 నిమిషాలే. ఏఐ తరచు ఈ టైము తీసేయకుండానే కొత్త పాఠాలు పెట్టేస్తుంది. ‘ప్రతి వారం కొత్త పాఠాల గంటలు, రివిజన్ గంటలు విడివిడిగా చూపించు’ అని అడిగి, కూడిక మీరే చేసి చూసుకోండి. తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేస్తూ రాసుకుపోయే యంత్రం అది, లెక్క తప్పినా తడబడకుండా చెబుతుంది. తేదీ, వారం కలిశాయో లేదో ఫోన్ క్యాలెండర్‌లో చూడండి. నంబర్లు వేశారు కాబట్టి ఏ అంశం జారిపోయిందో ఇట్టే దొరుకుతుంది.

ఆదివారం రాత్రి ఏఐకి నాలుగు లైన్లు రాసివ్వండి: అయినవి, తప్పినవి, ఎందుకు తప్పాయి, వచ్చే వారం ఆఫీసులో పని ఎక్కువున్న రోజులు. చాట్ పొడుగైతే మొదట్లో పెట్టిన షరతులు మరిచిపోతుంది. వాటిని నోట్స్‌లో దాచుకుని, ప్రతిసారీ కొత్త చాట్‌లో మళ్లీ అతికించండి. చివరి నాలుగు వారాలు కొత్త పాఠాలొద్దు. శనివారం 3 గంటల మాక్ టెస్ట్, ఆ వెంటనే 2 గంటలు తప్పుల పరిశీలన.

ప్రశ్న: యలహంకలో ఉంటాం. మా అమ్మాయి సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది లాంటిది), కేసీఈటీ (కర్ణాటకలో ఇంజనీరింగ్ లాంటి కోర్సుల ఎంట్రన్స్) రాస్తుంది. దానికి నేనే ఏఐతో టైంటేబుల్ చేసిపెట్టవచ్చా అండీ?

జవాబు: వద్దమ్మా, అమ్మాయి చేతే అడిగించండి. ఏ పాఠం వచ్చో, ఏది రాదో దానికే తెలుసు. ‘కర్ణాటక సెకండ్ పీయూసీ’ అని స్పష్టంగా రాయించి, పాఠ్యపుస్తకాల విషయసూచికని ఫోటో తీసి పెట్టించండి, లేకపోతే వేరే రాష్ట్రం ఎంట్రన్స్ కలిపేసే ప్రమాదముంది. ఇంజనీరింగ్ ర్యాంకులో సగం పీయూసీ మార్కులదే, కాబట్టి జవాబులు చేత్తో రాసే సాధనకి వారంలో రెండు పూటలు తప్పకుండా అడగమనండి. కేసీఈటీలో ఒక్కో సబ్జెక్టుకి 80 నిమిషాల్లో 60 ప్రశ్నలు, తప్పుకి మార్కు కోత లేదు. రోజూ 20 నిమిషాలకి 15 ప్రశ్నలు పెట్టమని అడిగితే వేగం అలవాటవుతుంది. హాల్ టికెట్ నంబరు, ఆధార్ లాంటివి మాత్రం అందులో పెట్టనివ్వకండి.