ఎన్ఐసీయూ తల్లిదండ్రుల ప్రశ్నావళి: ఎమ్మెస్సీ థీసిస్‌గా ఎంతవరకు చేయొచ్చు?

ప్రశ్న: పీడియాట్రిక్ నర్సింగ్‌లో ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. బిడ్డ ఎన్ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో) ఉన్న తల్లిదండ్రుల నమ్మకాలను కొలిచే స్కేలును ఇరాన్‌లో పర్షియన్‌లోకి తెచ్చి వాలిడేట్ చేశారు, అంటే కొలవాల్సినదాన్నే సరిగ్గా కొలుస్తోందా అని పరీక్షించారు. తెలుగులో అదే పని థీసిస్‌గా చేయొచ్చా? ముందు ముందు పనికొస్తుందా?

జవాబు: చేయొచ్చు. అయితే అంతా ఒక్క థీసిస్‌లో ఇరికించొద్దు.

అసలు ఇంగ్లిష్ స్కేలు అమెరికాలోని బెర్నడెట్ మెల్నిక్ బృందానిది. 18 వాక్యాలు, ఒక్కోదానికి 5 స్థాయిల జవాబులు. ముందు వాళ్ల రాతపూర్వక అనుమతి తెచ్చుకోండి. ఇద్దరు విడివిడిగా తెలుగులోకి మార్చాలి. అసలు ప్రతి చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి తేవాలి.

తర్వాతిది నిపుణుల పరిశీలన. ఇరాన్ నర్సింగ్ పరిశోధనల్లో లాషే పద్ధతి బాగా వాడుక: ఒక్కో వాక్యం అవసరమా కాదా అని నిపుణులను అడుగుతారు, ఎంతమంది అవసరమన్నారో దాన్నిబట్టి వచ్చే స్కోరే సీవీఆర్. 10 మంది నిపుణులుంటే వాక్యం నిలవడానికి సీవీఆర్ కనీసం 0.62 ఉండాలి. 8 మంది ‘అవసరం’ అంటే వచ్చేది 0.60 మాత్రమే, కాబట్టి 9 మంది అనాల్సిందే. తగ్గిందని వాక్యాన్ని వెంటనే కొట్టేయకండి. కొట్టేస్తే మీ స్కోర్లను వేరే దేశాలవాటితో పోల్చలేం. ముందు వాక్యంలోని పదాలు మార్చి చూడండి. ఆపైన 8-10 మంది తల్లిదండ్రులచేత చదివించి, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించండి. చదవలేని తల్లులకు మీరే చదివి వినిపిస్తే ఆ సంగతి ఫారంలో గుర్తు పెట్టాలి. నర్సు ఎదుట ‘నాకు భయంగా ఉంది’ అనడానికి చాలామంది వెనకాడతారు.

చిక్కంతా శాంపిల్‌తోనే. వాక్యానికి 10 మంది లెక్కన ఎక్స్‌ప్లోరేటరీ ఫ్యాక్టర్ అనాలిసిస్‌కు (ఏ వాక్యాలు ఒక గుంపుగా కలుస్తాయో వెతికే విశ్లేషణకు) 180 మంది కావాలి. ఆ గుంపులు నిజమేనా అని సరిచూసే కన్ఫర్మేటరీకి వేరే 200 మంది. అదే బిడ్డ తల్లినీ తండ్రినీ ఇద్దరిగా లెక్కేస్తే రివ్యూయర్ పట్టుకుంటారు, ఇద్దరి జవాబులూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కదా. కవలలకు ఒక్క ఫారమే. టెస్ట్-రీటెస్ట్‌కు (అవే ప్రశ్నలు వాళ్లనే మళ్లీ అడిగి జవాబుల నిలకడ చూడటానికి) పుస్తకాల్లో చెప్పే 2 వారాల వ్యవధి ఇక్కడ కుదరదు: ఈలోగా బిడ్డ వెంటిలేటర్ నుంచి బయటపడితే నమ్మకమే మారిపోతుంది. నిలకడగా ఉన్న బిడ్డల తల్లిదండ్రులనే ఎంచుకుని, కొద్ది రోజుల్లోనే మళ్లీ అడగండి.

నా సలహా: ఎమ్మెస్సీలో అనువాదం, నిపుణుల పరిశీలన, ఆల్ఫా (వాక్యాల మధ్య పొందికను చెప్పే అంకె), ఎక్స్‌ప్లోరేటరీ వరకే. కన్ఫర్మేటరీ పీహెచ్‌డీకి ఉంచుకోండి. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ కొననక్కర్లేదు, అలాంటిదే జేఏఎస్‌పీ ఉచితం, రెండు అనాలిసిస్‌లూ అందులో ఉన్నాయి.

ఉద్యోగం సంగతికొస్తే, వార్డు పోస్టుకు దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. పీహెచ్‌డీ, అధ్యాపక వృత్తి, క్లినికల్ ట్రయల్స్‌లో రోగుల ప్రశ్నావళుల అనువాద పరిశీలన వైపు వెళ్లేవారికి మాత్రం గట్టి అర్హతే. టాపిక్ ఖాయం చేసేముందు మీ యూనిట్ అడ్మిషన్ రిజిస్టరులో గత 6 నెలలు తిరగేసి, 48 గంటలు దాటి ఉన్న బిడ్డలెందరో లెక్కపెట్టండి. నెలకు 20 మంది కూడా లేకపోతే రెండో ఆసుపత్రి ఎథిక్స్ కమిటీకి కూడా ఇప్పుడే దరఖాస్తు పెట్టాలి.