సర్వీస్ ప్యాక్ వేశాక ఎస్‌క్యూఎల్ సర్వర్ లేవడం లేదు

ప్రశ్న: మా కార్యాలయంలో డేటాబేస్‌లను నడిపే ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 సాఫ్ట్‌వేర్‌కు సర్వీస్ ప్యాక్ 3 (మైక్రోసాఫ్ట్ ఇచ్చే అప్‌డేట్ల మూట) వేస్తుండగా, డేటాబేస్ ఇంజిన్ రికవరీ పూర్తి కాలేదన్న సందేశంతో ఇన్‌స్టలేషన్ చివరి దశలో ఆగిపోయింది. అప్పటి నుంచి సర్వీసును స్టార్ట్ చేసిన కాసేపటికే ఆగిపోతోంది. ఎర్రర్ లాగ్ చివర 3417 నంబరుతో, మాస్టర్ డేటాబేస్‌ను (సర్వర్ సొంత సెట్టింగులు, లాగిన్‌లు ఉండేది) రికవర్ చేయలేకపోయామనీ, దానిని బ్యాకప్ నుంచి రీస్టోర్ చేయాలనీ లేదా రీబిల్డ్ చేయాలనీ ఉంది. కొంతకాలం క్రితం పాత ఇ డ్రైవ్‌ను తీసేసి డేటాబేస్‌లన్నిటినీ ఎఫ్ డ్రైవ్‌కు మార్చాము. ఆ తర్వాత ఏ ఇబ్బందీ రాలేదు. సర్వీస్ ప్యాక్‌కు ముందు తీసిన మాస్టర్ బ్యాకప్ మా దగ్గర ఉంది. దానిని రీస్టోర్ చేయవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: దయచేసి రీస్టోర్ జోలికి గాని, రీబిల్డ్ జోలికి గాని ఇప్పుడే వెళ్లకండి. మీ పాత బ్యాకప్ సర్వీస్ ప్యాక్ 3కు ముందరి వెర్షన్ నాటిది. సర్వర్ ఫైళ్లు ఇప్పటికే కొత్త వెర్షన్‌కు మారిపోయి ఉంటాయి కనుక, వేరే వెర్షన్‌లో తీసిన సిస్టమ్ డేటాబేస్ బ్యాకప్‌ను తీసుకోలేనంటూ సర్వర్ 3168 ఎర్రర్‌తో దానిని తిప్పికొడుతుంది. ఇక రీబిల్డ్ చేస్తే, అంటే సిస్టమ్ డేటాబేస్‌లను కొత్తగా తయారు చేస్తే, లాగిన్‌లు, జాబ్‌లు, లింక్డ్ సర్వర్‌లు అన్నీ పోతాయి. మాస్టర్ డేటాబేస్ నిజంగా పాడైతే అంత పని చేయక తప్పదు కాని, మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది పాడైనట్లు నాకు అనిపించడం లేదు.

3417 అనేది చివరి ఫలితం మాత్రమే. అసలు కారణం ఎర్రర్ లాగ్‌లో దానికి పైన ఉంటుంది. అక్కడి నుంచి పైకి చదువుతూ వెళ్తే ముందుగా 912 కనిపిస్తుంది: మాస్టర్‌కు సంబంధించిన అప్‌గ్రేడ్ స్క్రిప్టు ఫలానా మెట్టు దగ్గర విఫలమైందని అందులో ఉంటుంది. ఇంకా పైకి వెళ్లండి. ‘టెంప్ ఎంఎస్ ఏజెంట్ సైనింగ్ సర్టిఫికెట్ డేటాబేస్’ అనే పేరుగల ఫైలును ఇ డ్రైవ్‌లో తయారు చేయబోతే ఆ ఫోల్డరే దొరకలేదని 5133 ఎర్రర్ కనిపిస్తే, మీ సమస్య అదే.

సర్వీస్ ప్యాక్ ఫైళ్లను మార్చి ఊరుకోదు. ఆ తర్వాత సర్వర్ మొదటిసారి లేచేటప్పుడు సిస్టమ్ డేటాబేస్‌ల మీద కొన్ని స్క్రిప్టులు నడుస్తాయి. వాటిలో ఒకటి ఒక తాత్కాలిక డేటాబేస్‌ను సర్వర్ డిఫాల్ట్ డేటా ఫోల్డర్‌లో సృష్టిస్తుంది. మీరు డేటాబేస్‌లను ఎఫ్ డ్రైవ్‌కు మార్చినా ఆ డిఫాల్ట్ సెట్టింగు దానంతట అది మారదు. పాత డేటాబేస్‌లకు దానితో పని లేదు గనుకనే ఇన్నాళ్లూ ఆ లోపం బయటపడలేదు.

ముందుగా, సర్వీసు ఆగి ఉండగానే మాస్టర్, ఎంఎస్‌డీబీ (జాబ్‌ల వివరాలు ఉండేది) డేటాబేస్‌ల డేటా, లాగ్ ఫైళ్లను వేరే చోటికి కాపీ చేసుకోండి. జాబ్‌లను వాటి వేళకు నడిపే ఎస్‌క్యూఎల్ ఏజెంట్‌ను ఆపి ఉంచి, 902 ట్రేస్ ఫ్లాగ్‌తో (సర్వర్ ప్రవర్తనను మార్చే స్టార్టప్ స్విచ్) సర్వీసును స్టార్ట్ చేయండి. అప్పుడు ఆ స్క్రిప్టులు నడవకుండానే సర్వర్ లేస్తుంది. సర్వర్‌ను నిర్వహించే మేనేజ్‌మెంట్ స్టూడియోలో సర్వర్ ప్రాపర్టీస్‌లోని డేటాబేస్ సెట్టింగ్స్ తెరిచి, డేటాకు, లాగ్‌కు ఉన్న డిఫాల్ట్ ఫోల్డర్‌లు రెండింటినీ ఎఫ్ డ్రైవ్‌కు మార్చండి. ఆ ఫోల్డర్‌లు నిజంగా ఉన్నాయో లేదో, సర్వీసు నడిచే అకౌంట్‌కు వాటి మీద పూర్తి అనుమతి ఉందో లేదో చూడటం మరవకండి. అనుమతి లేకపోతే ఇదే ఎర్రర్ ఈసారి ‘యాక్సెస్ డినైడ్’ అంటూ తిరిగి వస్తుంది.

తర్వాత సర్వీసును ఆపి, ట్రేస్ ఫ్లాగ్ లేకుండా మామూలుగా స్టార్ట్ చేయండి. 902తో సర్వర్ లేచింది కదా అని అలాగే వాడుకోవడం చాలా ప్రమాదం, ఎందుకంటే సిస్టమ్ డేటాబేస్‌లు పాత స్థితిలోనే ఉండిపోతాయి. అలా నడుస్తున్నప్పుడు కూడా వెర్షన్ అడిగితే సర్వర్ 13.0.6300.2 అనే చెబుతుంది కనుక ఆ నంబరును చూసి నిశ్చింతగా ఉండకండి. 912, 3417 మళ్లీ రాకుండా, రికవరీ పూర్తయిందన్న వాక్యం ఎర్రర్ లాగ్‌లో వచ్చిందని చూసుకున్నాకే ఏజెంట్‌ను స్టార్ట్ చేయండి. ఇన్‌స్టలేషన్ వివరాలు నమోదయ్యే సెటప్ బూట్‌స్ట్రాప్ లాగ్ ఫోల్డర్‌లోని సమ్మరీ ఫైలులో ఇంకేదైనా భాగం విఫలమైనట్లు ఉంటే, సర్వీస్ ప్యాక్‌ను మరోసారి నడపండి.

పైన చెప్పిన 5133 మీ లాగ్‌లో కనిపించకపోతే మాత్రం ఈ మార్పులేవీ చేయకుండా, 912కు ముందు వచ్చిన ఎర్రర్ వాక్యాలను యథాతథంగా మాకు రాసి పంపండి.