ఎండాకాలంలో ఎడ్లబండి చక్రం పట్టా ఎందుకు ఊడుతుంది? అసలు దాన్ని ఎలా ఎక్కించేవారు?

ఇంట్లో పాత బండి చక్రం ఉన్న పాఠకులొకరు అడిగినవి రెండు. రబ్బరు టైర్లు లేని రోజుల్లో, అంటే 19వ శతాబ్దపు బండికి, ఇనుప పట్టాను మేకుల మీద ఆధారపడకుండా ఎలా బిగించేవారు? ఎండలకు ఇనుము వ్యాకోచించడం వల్లే అది ఊడిపోతుందా?

రెండోది ముందు తేల్చేద్దాం. తప్పు ఇనుముది కాదు, కొయ్యది. ఐదడుగుల చక్రం చుట్టుకొలత 188 అంగుళాల పైమాట, దాదాపు 4.8 మీటర్లు. ఎండకు పట్టా 30 డిగ్రీలు అదనంగా వేడెక్కినా 2 మిల్లీమీటర్లు కూడా సాగదు. కొయ్య అలా కాదు. వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బిన కర్ర మే నెలకు అడ్డంగా 2 శాతం కుంగింది, అంటే కుంచించుకుపోయింది అనుకోండి. 4 అంగుళాల లోతున్న పూటీ, అంటే చక్రం అంచును కూర్చే వంపు కొయ్యముక్క, 2 మి.మీ. తగ్గుతుంది. చక్రానికి రెండు వైపులా పూటీ ఉంది కాబట్టి వ్యాసంలో 4, చుట్టుకొలతలో 12 మి.మీ. పైగా పోతుంది. అంటే అర అంగుళం. పట్టా బిగుసుకోవాలని దాన్ని చక్రం కంటే కురచగా చేసే మేర, అంటే బిగింపే ముప్పావు అంగుళం అయితే, ఇక మిగిలేది ఎంత?

కర్ర పొడవునా దాదాపు కుంగదు, అడ్డంగానే కుంగుతుంది. ఇది గుర్తుంటే చక్రం రోగాలన్నీ అర్థమవుతాయి. ఆకుల (నడిమి నుంచి అంచుకు వెళ్లే కర్రల) పొడవు అలాగే ఉంటుంది. పూటీలు పలచబడతాయి, కుంభంలో (చక్రం నడిమి దుంగలో) బెజ్జాలు వదులవుతాయి, బెజ్జాల్లో దిగిన ఆకుల మొనలు సన్నబడతాయి. అన్నీ ఒకేసారి.

ఇక తయారీ. మన వైపు చక్రానికి ఎక్కువగా వాడింది నల్లతుమ్మ. గట్టిది, ఊరి దగ్గరే దొరుకుతుంది, పెళుసుగా పగలదు. నడిమి కుంభానికి తీసిన దుంగను తొందరపడి ఎండబెట్టకూడదు. చుట్టువైపు కుంగుడు కేంద్రంవైపు కుంగుడుకు సుమారు రెట్టింపు ఉంటుంది కాబట్టి, గబగబా ఆరితే దుంగ మధ్య నుంచి అంచుకు చీలుతుంది. అందుకే రెండు కొసలకూ పేడో మట్టో మెత్తి నీడలో నెలల తరబడి ఆరనిస్తారు. ఆకులకు, పూటీలకు కూడా పచ్చి కర్ర పనికిరాదు. పచ్చి పూటీలతో కట్టిన చక్రం మొదటి వేసవికే కదులుతుంది.

సాధారణమైన అమరిక 12 ఆకులు, 6 పూటీలు, ఒక్కో పూటీకి రెండు ఆకులు. కుంభం చుట్టూ సమదూరంలో బెజ్జాలు తొలిచి ఆకులను సమ్మెటతో దిగ్గొడతారు. చేత్తో దూరే ఆకు వదిలేసినట్టే లెక్క. పూటీలను వంపుకు తగ్గట్టు బాడిసతో చెక్కి, ఆకుల పైమొనల మీద కూర్చి, పూటీకీ పూటీకీ మధ్య కొయ్య సీల వేసి కలుపుతారు.

ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. పూటీల కొసలు ఒకదానికొకటి అందంగా అతుక్కోవాలని గట్టిగా ఆనించేస్తారు. అలా చేయకూడదు. ప్రతి అతుకు దగ్గరా కొద్దిపాటి సందు వదలాలి. పట్టా చల్లారి నొక్కినప్పుడు ఆ బలం పూటీలను ఆకుల మీదికి, ఆకులను కుంభంలోకి నెట్టాలి. కొసలు ముందే ఆనుకుని ఉంటే బలమంతా పూటీల మధ్యే ఆగిపోతుంది. పైకి చక్రం దిట్టంగా కనిపిస్తుంది, లోపల ఆకులు ఆడుతుంటాయి. సందు మరీ ఎక్కువైనా చేటే, పట్టా బిగిశాక కూడా అతుకులు మూసుకోవు.

పట్టా కొలత కమ్మరి పని. చక్రం అంచు మీద సుద్దతో గీత పెట్టి, కమ్మీ (పట్టాగా వంచబోయే ఇనుప బద్ద) మీద ఒక చుట్టు దొర్లించి కొలుస్తాడు. దానికి కమ్మీ మందానికి మూడు రెట్లు కలపాలి. కమ్మీని గుండ్రంగా వంచినప్పుడు లోపలి అంచు నొక్కుకుపోతుంది, బయటి అంచు సాగుతుంది. అర అంగుళం మందం ఉంటే అంగుళంన్నర అదనం. ఇది మరిచిపోతే పట్టా ఎంత కాల్చినా చక్రానికి ఎక్కదు. అతుకు కోసం కొసలు ఒకదాని మీద ఒకటి పడే మేర వేరుగా కలిపి, మొత్తంలోంచి బిగింపుకు ముప్పావు అంగుళం తీసేస్తారు. కొసలను పలచగా సాగగొట్టి, కొలిమిలో తెల్లవేడికి తెచ్చి, ఇసుక చల్లి, సమ్మెట దెబ్బలతో ఒకటి చేస్తారు.

ఎక్కించే రోజు చక్రాన్ని చదునైన నేల మీద, కుంభం దిగేలా గుంట తీసి, పడుకోబెడతారు. పట్టాను రాళ్ల మీద ఎత్తి, చుట్టూ పైనా కిందా పిడకలు పేర్చి కాలుస్తారు. మంట ఒకవైపే ఎక్కువైతే పట్టా ఆ వైపే సాగి గుండ్రం తప్పుతుంది. ఎండుపుల్ల ఆనించగానే అంటుకునే వేడి రావాలి. సుమారు 500 డిగ్రీలకు ఇంత పొడవు ఇనుము అంగుళంపావు వరకూ పెరుగుతుంది. ముప్పావు బిగింపు పోను మిగిలేది అరంగుళం. చుట్టూ పంచితే సందు 2 మి.మీ. మాత్రమే. అందుకే ముగ్గురు నలుగురు పట్టకార్లతో ఒకేసారి ఎత్తి, ఒకేసారి దించాలి. ఒకరు వెనకబడినా పట్టా అడ్డం తిరిగి పట్టేస్తుంది.

దిగగానే కొయ్య అంటుకుంటుంది, అది మామూలే. సమ్మెటలతో సర్ది వెంటనే నీళ్లు పోయాలి, చుట్టూ తిరుగుతూ పోయాలి. ఒకేచోట కుమ్మరిస్తే అక్కడ ముందు బిగిసి మిగతా భాగం పక్కకు జారుతుంది. ఆలస్యం చేస్తే పట్టా కింద కొయ్య బొగ్గవుతుంది. ఆ రోజుకు ఏమీ తెలియదు. బండి బరువుకు నెల తిరగకుండానే బొగ్గు పొడై, బిగింపు మాయమవుతుంది. చాలామంది కమ్మీ నాసిరకమని తిట్టుకున్న చక్రాల్లో అసలు జబ్బు ఇదే. బిగింపు ఎక్కువ పెడితే మరో ఇబ్బంది: ఆకులు వంగి చక్రం గొడుగులా ఒకవైపు పొంగుతుంది.

వదులైన పట్టాకు అందరూ చేసే చికిత్స చక్రాన్ని రాత్రంతా చెరువులోనో కాలువలోనో పడేయడం. పొద్దున్నే బిగుస్తుంది, నిజమే. కానీ ఉబ్బే కొయ్యకు ఇనుము చోటివ్వదు కాబట్టి నారలు నలిగిపోతాయి. మళ్లీ ఆరినప్పుడు కొయ్య మునుపటికంటే చిన్నదవుతుంది. సంతకు వెళ్లి రావడానికి సరే, ఏటా ఇదే చేస్తే చక్రం పాడవుతుంది. పట్టాకూ పూటీకీ మధ్య చెక్కముక్కలు దిగ్గొట్టడం కూడా తాత్కాలికమే. సరైన మరమ్మతు పట్టా విప్పి, కోసి, కురచ చేసి మళ్లీ అతికి ఎక్కించడం.

ఇరుసు గురించి క్లుప్తంగా. కొయ్య ఇరుసుకు పేరున్నది చిరుమాను, సాగే గుణం ఉన్న గట్టి కర్ర. కొయ్య మీద కొయ్య తిరిగితే కాలుతుంది కాబట్టి కందెన తప్పదు: గడ్డి కాల్చిన మసిని ఆముదంలో చిక్కగా కలిపినది. ఇసుక దారుల్లో పాత కందెన మీదే కొత్తది పూయకూడదు. ఇసుక కలిసిన కందెన ఇరుసును అరగదీస్తుంది. కడసీల (చక్రం ఊడకుండా ఇరుసు కొసన వేసే సీల) తీసి, చక్రం జరిపి, తుడిచి పూయాలి.

ఇంత పనితనం ఉన్నా, దూరపు సరుకు చాలాకాలం బండి ఎక్కలేదు. చక్రానికి దారి కావాలి, నల్లరేగడిలో వాన పడితే సన్నని పట్టా ఉన్న చక్రం కుంభం దాకా దిగబడుతుంది. అందుకే ఉప్పు, ధాన్యం లంబాడీల ఎద్దుల వీపుల మీద నడిచాయి. 1791లో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ మైసూరు దండయాత్రకు తిండిగింజలు తెచ్చినవీ అలాంటి ఎద్దుల మందలే. ఎద్దు వీపున మోసేది వంద కిలోల పైచిలుకు. అదే ఎద్దు జోడీ గట్టి రోడ్డు మీద బండిలో అర టన్ను పైన లాగుతుంది. 19వ శతాబ్దంలో కంకర రోడ్లు పెరిగే కొద్దీ బండ్లూ పెరిగాయి. 1856లో మద్రాసు నుంచి రైలు మొదలయ్యాక బండి పోలేదు సరికదా, స్టేషనుకు సరుకు చేర్చే పని దాని మీదే పడింది.

మీ ఇంట్లో పాత చక్రం ఉందన్నారు. దాన్ని నిలబెట్టి ఒక్కో ఆకును చిన్న సుత్తితో తట్టండి. ఖణేల్‌మంటే బిగువుగా ఉన్నట్టు, మొద్దుగా పలికితే వదులైనట్టు. పూటీ అతుకుల దగ్గర సందులేమీ కనబడకుండా ఆకులు మాత్రమే కదులుతుంటే పట్టా కోయించినా లాభం లేదు. ముందు పట్టా విప్పి, పూటీల కొసలు కాస్త రంపంతో తీయించి, ఆ తర్వాతే పట్టా కొలత వేయించండి.