స్విచ్‌కు కలిపిన రెండు రౌటర్లలో ఒకదానికే ఇంటర్నెట్ రావడం గురించి

నమస్కారమండి. ఫైబర్ మోడెమ్ కేబుల్‌ను నెట్‌వర్క్ స్విచ్‌కు (పలు పరికరాలను కేబుళ్లతో కలిపే పెట్టెకు), అక్కడి నుంచి కింది, పై అంతస్తుల రౌటర్లకు కలిపితే ఒకదానికే ఇంటర్నెట్ వస్తోందని రాశారు. మీ స్విచ్‌లో లోపమేమీ లేదు. స్విచ్ తనకు వచ్చిన డేటాను సరైన పోర్టుకు చేరవేస్తుందే తప్ప ఐపీ అడ్రసులను (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తించే సంఖ్యలను) పంచి ఇవ్వదు. ఇంటి కనెక్షన్‌కు సాధారణంగా ఒకే ఐపీ అడ్రసు ఇస్తారు గనుక, దాన్ని ముందుగా అందుకున్న రౌటర్ పనిచేస్తుంది, రెండోదానికి ఏమీ మిగలదు.

అందువల్ల వరుస మార్చండి. మోడెమ్ కేబుల్‌ను మొదటి రౌటర్ వాన్ పోర్టుకు (బయటి నుంచి ఇంటర్నెట్ వచ్చే పోర్టుకు), దాని లాన్ పోర్టు (ఇంట్లోని పరికరాలను కలిపే పోర్టు) నుంచి స్విచ్‌కు, స్విచ్ నుంచి రెండో రౌటర్ లాన్ పోర్టుకు కలపాలి. ఈ చివరిది వాన్ పోర్టు కాకూడదన్నది ముఖ్యం. అయితే కేబుల్ కలపకముందే, మొదటి రౌటర్ అడ్రసు 192.168.1.1 అయిన పక్షంలో, రెండోదాని అడ్రసును 192.168.1.2గా మార్చి, అందులో డీహెచ్‌సీపీని (పరికరాలకు అడ్రసులు ఇచ్చే సదుపాయాన్ని) ఆపివేయండి. ఇది మరచిపోతే రెండు రౌటర్లూ పోటీపడి ఫోన్లకు అడ్రసులు ఇస్తాయి, వైఫై కలిసినట్టే కనబడుతుంది గానీ ఇంటర్నెట్ ఉండీ లేనట్టుంటుంది, కారణం దొరకక మీరు ఎంతో విసిగిపోతారు. మొదటి రౌటర్ ఫోన్లకు ఇచ్చే అడ్రసుల పరిధిలో కూడా 192.168.1.2 ఉండకూడదు.

మీ ప్లాన్ వేగం 100 ఎంబీపీఎస్ దాటితే స్విచ్ గిగాబిట్‌దేనా (1000 ఎంబీపీఎస్ వరకు పనిచేసేదేనా) అని ఒకసారి చూసుకోండి.